ఎడమచేత్తో పదివేల చుట్లు

చుట్లక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. అసలు పేరు అడిగితే మాత్రం పక్క కొట్టు టైలరు కూడా కాసేపు బుర్ర గోక్కుంటాడు. ముప్పై ఏళ్లుగా రాగితీగ చుట్టడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఇంకే పేరు నిలుస్తుంది? ఆమెకూ ఆ పేరే ఇష్టం. అసలు పేరుతో పిలిస్తే బ్యాంకువాళ్లో ఆస్పత్రివాళ్లో అయ్యుంటారని ఉలిక్కిపడుతుంది.

షాపు తండ్రి పెట్టింది. ముందు గదిలో తమ్ముడు కాలిపోయిన నీటి మోటార్లు, ఫ్యాన్లు విప్పి, మాడిన రాగి లాగిపారేసి కొత్తది చుడతాడు. ఆ గదిలో ఎప్పుడూ వార్నిష్ వాసనే. వెనక గది చిన్నది. అందులో కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద పెద్ద భూతద్దం, టంకం పెట్టే కడ్డీ, మైనం కరిగించే రెండు గిన్నెలు, తండ్రి చేత్తో చేసిన ఒక చుట్టే యంత్రం ఉంటాయి. ఆ బల్ల అక్కది. దాని మీద ఇంకెవరైనా టీ గ్లాసు పెడితే ఆమె నోటికి జడిసి వెంటనే తీసేస్తారు.

ఆమె చుట్టేవి మోటార్లు కావు, గిటారు పికప్‌లు. ఎలక్ట్రిక్ గిటారు చూసినవాళ్లకు తీగల కింద సబ్బుబిళ్లంత పెట్టెలు కనిపిస్తాయి. అవే పికప్‌లు. లోపల అయస్కాంతం, దాని పైన ఒక చట్రానికి వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ పదివేల చుట్లు. పైన ఉక్కు తీగను మీటితే అది అయస్కాంతం పట్టులో ఊగుతుంది, ఆ ఊపుకి రాగిలో పిసరంత కరెంటు పుడుతుంది. ఆ పిసరే యాంప్లిఫయర్‌లోకి వెళ్లి హాలు దద్దరిల్లేలా చేస్తుంది. తీగ పదివేల చుట్లలో ఎక్కడ ఒక్కచోట తెగినా గిటారు మూగదైపోతుంది.

మొదటిసారి అలాంటి మూగ గిటారు ఒకటి షాపుకొచ్చినప్పుడు తండ్రి, "ఇది మన పని కాదు బాబూ, మేం మోటార్లవాళ్లం" అని పంపించేయబోయాడు. అప్పటికి ఫ్యాన్ల కాయిల్స్ చుట్టడంలో చెయ్యి తిరిగిన కూతురు అడ్డుపడింది. "చుట్టు చుట్టే కదా నాన్నా, తీగ కాస్త సన్నం, అంతేగా." అన్నంత తేలిక కాదని ఆ రోజే తెలిసింది. పదకొండుసార్లు తెగింది. పన్నెండోసారి తెగలేదు. తండ్రి పాత కుట్టుమిషను మోటారు ఒకటి, దాని కాలి పెడల్, రెండు చక్రాలు, ఒక బెల్టు, టేప్‌రికార్డరులోంచి పీకిన అంకెల మీటరు కలిపి ఆమెకు యంత్రం చేసిపెట్టాడు. చక్రం ఎటు తిరగాలో ఎర్ర రంగుతో బాణం గుర్తు కూడా వేశాడు. ఆ మీటరు తొమ్మిదివందల తొంభై తొమ్మిది దాకే లెక్కపెడుతుంది. అది సున్నాకి వచ్చినప్పుడల్లా అక్క పలక మీద ఒక గీత గీస్తుంది. పది గీతలు పడితే పికప్ పూర్తయినట్టు.

ఈ పనిలో అసలు విద్యంతా వేళ్లలో ఉంది. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య చిన్న ఊలుగుడ్డ ముక్క పెట్టి, అందులోంచి తీగను పోనివ్వాలి. గట్టిగా పట్టుకుంటే పుటుక్కున తెగుతుంది. వదులుగా వదిలితే చుట్లు లోపల కదులుతాయి, అప్పుడు గిటారు మీటకపోయినా యాంప్లిఫయర్ కీచుమంటుంది. ఎంత బిగువు సరిపోతుందో చెప్పే మీటరు ఆ షాపులో లేదు. అక్క కుడిచేతి వేళ్లే ఆ మీటరు.

ఆ మీటరే పాడైంది. ఒకరోజు పొద్దున్నే టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. వంగి గాజుపెంకులు ఏరుతుంటే వేలు కోసుకుంది, నొప్పి తెలియలేదు. అప్పుడు భయపడింది. మెదడులో ఎక్కడో చిన్న రక్తనాళం మూసుకుపోయిందన్నారు ఆస్పత్రిలో. అదృష్టం కొద్దీ మాట పోలేదు, నడక పోలేదు, చెయ్యి కూడా ఆడుతుంది. కుడిచేతి వేళ్లలో స్పర్శ మాత్రం పోయింది. చన్నీళ్లో వేణ్ణీళ్లో తెలియదు, తీగ ఉందో లేదో తెలియదు. మూడు నెలలు రబ్బరు బంతి పిసికింది. బంతి మెత్తబడింది గానీ స్పర్శ రాలేదు.

తమ్ముడు చెడ్డవాడు కాదు. అక్కంటే ప్రాణం. అందుకే ఆమె ఆ చేత్తో తీగ పట్టుకుని, తెంపుకుని, మళ్లీ పట్టుకుని, పళ్లు కొరుక్కుంటూ ఉంటే ముందు గదిలో కూర్చుని చూడలేకపోయాడు. ఒకరోజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, చాల్లే. ఇంక నీ ఒంటిని కష్టపెట్టకు. ముందు గదిలో కూర్చుని ఫోన్లెత్తు, వచ్చినోళ్లతో మాట్లాడు. ఈ బల్ల తీసేసి ఇక్కడ మోటార్లు పెట్టుకుంటాను."

"బల్ల తీసేస్తావా?"

"ఊరికే ఉంది కదా."

"ఊరికే ఉందా! నేను కనపడట్లేదా నీకు?"

వాదన చాలాసేపు నడిచింది. ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలే, ఎవరూ తగ్గే రకం కాదు. చివరికి తమ్ముడే ఒక మాట అన్నాడు. "సరే. ఒక్క పికప్ చుట్టు. దాన్ని బిగించుకున్నవాడు నా ఎదురుగా నోరు తెరిచి బాగుందనాలి. అంటే ఈ బల్ల జోలికి నేను రాను. అనకపోతే నువ్వే దగ్గరుండి తీయించాలి."

"ఒప్పుకున్నాను," అంది అక్క.

ఆ పికప్ నాలుగు రోజులకే వచ్చింది. తెచ్చినాయన బస్సు డ్రైవరు. డిపోలో తోటి డ్రైవర్లు, మెకానిక్కులు నలుగురు కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు. వచ్చే శనివారం మధ్యాహ్నం డిపో హాల్లో వాళ్ల కచేరీ. గిటారుకి రెండు పికప్‌లుంటే, మెడ వైపుది మూగబోయింది.

"ఒకదానితో వాయించుకోవచ్చు కదా డ్రైవరుగారూ, ఇంకోటి బానే ఉందిగా," అన్నాడు తమ్ముడు.

"మా పాటలన్నీ రెండూ కలిపి పెడితేనే బాగుంటాయండీ. ఏ పికప్ పలకాలో మార్చే మీట నడిమధ్యలో పెడతాను. కాకపోతే అలా పెడితే ట్యూబులైట్ల కింద ఒకటే రొద. దానికెవరూ ఏం చేయలేరట, సర్దుకుపోతున్నాను."

అక్క పికప్ విప్పి మల్టీమీటరు ముళ్లు ఆనించింది. అంకె కదల్లేదు. అంటే తీగ ఎక్కడో తెగింది. పైపొర మీదైతే టంకం పెట్టి అతకొచ్చు. భూతద్దం కింద చూస్తే, అడుగున తీగ మొదలయ్యే చోట పచ్చగా చిలుం పట్టి ఉంది. ఏళ్ల తరబడి చేతి చెమట దిగి రాగిని తినేసింది. అడుగున తెగినదాన్ని అతకడం కుదరదు. పాత తీగంతా కోసేసి మళ్లీ చుట్టాల్సిందే.

"శుక్రవారం పొద్దున రండి," అంది. తమ్ముడు ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చూడలేదు.

కుడిచెయ్యి పనికిరాదు కాబట్టి ఎడమచేత్తోనే చుట్టాలి. ఆ నిర్ణయం ఆమె ఎప్పుడో తీసేసుకుంది, ఎవరితోనూ చెప్పలేదు, అంతే. కానీ యంత్రంలో చట్రం బిగించే కొన కుడివైపు ఉంది. ఎడమచెయ్యి అక్కడికి అందాలంటే ఒళ్లంతా మెలితిప్పుకోవాలి. అందుకని యంత్రాన్నే మొత్తంగా తిప్పి, కొన ఎడమవైపు వచ్చేలా పెట్టింది. అప్పుడింకో చిక్కొచ్చిపడింది. చక్రం ఇప్పుడు ఆమె వైపుకి తిరుగుతోంది, తీగ పైనుంచి కాకుండా చట్రం కిందనుంచి ఎక్కుతోంది. కింద ఎక్కే చుట్టు కంటికి కనిపించదు. ఎడమచేతి వేళ్లకింకా పట్టు తెలియక కంటి మీద ఆధారపడ్డ మనిషికి అది కుదిరే పని కాదు. కాసేపు ఆలోచించి, బెల్టు ఊడదీసి, మధ్యలో ఒక మెలిక వేసి ఎనిమిది అంకెలా తగిలించింది. చక్రం ఎదురు తిరిగింది. తీగ పైనుంచి ఎక్కింది. తన తెలివికి తానే మురిసిపోయింది.

ఎడమచెయ్యి మాత్రం ముప్పై ఏళ్లుగా పక్కన కూర్చుని చూసిందే గానీ ఏనాడూ పని నేర్చుకోలేదు. మొదటిసారి రెండువందల పన్నెండో చుట్టు దగ్గర తెగింది. రెండోసారి నలభైకే తెగింది. మూడోసారి మూడు గీతలు పడ్డాయి పలక మీద, సంతోషంతో ఊపిరి గట్టిగా వదిలింది, తెగింది. ఆ రోజంతా తెగుతూనే ఉంది. తెగిన రాగి నేల మీద మెరుస్తూ కాళ్లకు చుట్టుకుంటే తిట్టుకుంటూ ఊడ్చింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే కళ్లు మసకబారి పని ఆగిపోతుందని ఏడవలేదు.

మర్నాడు వేళ్లకి చెప్పడం మానేసి చెవికి చెప్పింది. తీగ ఊలుగుడ్డలోంచి పోతున్నప్పుడు సన్నగా ఒక సవ్వడి వస్తుంది. కుడిచేత్తో చుట్టినన్నాళ్లూ దాన్ని పట్టించుకునే అవసరం రాలేదు. ఇప్పుడు చెవి రిక్కించి వింది. బిగువెక్కువైతే ఆ సవ్వడి పదునెక్కుతుంది, వదులైతే మొద్దుబారుతుంది. తమ్ముణ్ణి పిలిచి, మధ్యాహ్నం దాకా సుత్తి ముట్టుకోవద్దంది.

"సుత్తి లేకుండా మోటారు ఎలా విప్పను?"

"విప్పకు. టీ తాగు."

పాపం, నాలుగు టీలు తాగాడు. వెనక గదిలో ఒక్కో గీతా పడుతోంది. ఏడో గీత దగ్గర అక్క నుదుటి చెమట కంట్లోకి దిగింది, రెప్ప వేయలేదు. పదో గీత పడ్డాక ఎడమకాలు పెడల్ మీంచి తీసి, తీగ కొసలకు టంకం పెట్టింది. మల్టీమీటరు ఆనిస్తే రెండో పికప్‌కి దగ్గరగా అంకె వచ్చింది. తరువాత మైనం కరిగించి, చట్రం వంకరపోనంత వేడిలోనే ఉంచి, అందులో పికప్‌ను ముంచింది. చుట్ల మధ్య గాలంతా బుడగలుగా పైకొచ్చి, మైనం లోపలికి దిగి గట్టిపడితే ఇక ఏ చుట్టూ కదలదు. గిటారులో బిగించి, స్క్రూడ్రైవరు మొనతో పికప్ మీద తట్టింది. యాంప్లిఫయర్ టక్కుటక్కుమంది. కీచు లేదు. ప్రాణం లేచొచ్చింది.

శుక్రవారం పొద్దున డ్రైవరు యూనిఫారంలోనే వచ్చాడు. పదకొండింటికి డ్యూటీ. తమ్ముడు చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు, ఒప్పందం ఒప్పందమే కదా. డ్రైవరు మెడ వైపు పికప్ ఒక్కటే పెట్టి మీటాడు. గుండ్రంగా, నిండుగా పలికింది. ఆయన మొహం వెలిగింది. రెండోదొక్కటే పెట్టి మీటాడు, అదీ బానే ఉంది. తరువాత తన అలవాటు ప్రకారం మీట నడిమధ్యకి తోశాడు.

గిటారు గొంతు నొక్కేసినట్టయింది. పల్చగా, డొల్లగా, రేకుడబ్బా మీద గోరుతో గీసినట్టుంది. డ్రైవరు ఇంకోసారి మీటాడు. యాంప్లిఫయర్ పెంచి చూశాడు. గిటారు వంక చూశాడు, అక్క వంక చూశాడు.

"రెండూ విడివిడిగా బావున్నాయక్కా. కలిపితేనే... ఇది నా గిటారులా లేదు. రేపే కచేరీ."

తమ్ముడు నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. కిటికీ పక్కనున్న బల్ల వంక చూసి, తల దించుకున్నాడు. అక్కకి ఆ చూపే తగిలింది. సిగ్గేసింది, కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ముప్పై ఏళ్లలో తాను చుట్టినదాన్ని మీట మధ్యలో పెట్టి పరీక్షించాల్సిన అవసరమే రాలేదు. అందుకే ఈసారీ పరీక్షించలేదు.

"డ్యూటీ ఎన్నింటికన్నారు?"

"పదకొండింటికి."

"ఇంకా గంటన్నర ఉంది. కూర్చోండి."

"అక్కా, పోనీలే..." అన్నాడు తమ్ముడు.

"నువ్వూ కూర్చో."

మీట మధ్యలోనే ఉంచి, తీగల మీద చెయ్యి అడ్డంపెట్టి విన్నది. నెత్తి మీద ట్యూబులైటు వెలుగుతోంది. ముందు గదిలో తమ్ముడి మోటారొకటి నడుస్తోంది. అయినా యాంప్లిఫయర్ చడీచప్పుడూ లేకుండా ఉంది. మీట ఒక పక్కకి తోస్తే రొద. ఇంకో పక్కకి తోస్తే రొద. మధ్యకి తెస్తే రొద లేదు.

"డ్రైవరుగారూ, రెండూ కలిపితే రొద ఎక్కువన్నారు కదా?"

"అవును. ఇప్పుడు రొదా లేదు, పాటా లేదు."

ఆ మాట విన్నదే తడవు అక్క లేచి యంత్రం దగ్గరికి నడిచింది. ఎనిమిది అంకెలా మెలిపడ్డ బెల్టు వంక చూసింది. చక్రం మీద తండ్రి వేసిన ఎర్రబాణం సగం చెరిగిపోయింది. చేతికి అలవాటైపోయాక దాని వంక చూసి ఎన్నేళ్లయిందో. పెడల్ నొక్కింది. చక్రం బాణానికి ఎదురు తిరిగింది.

నాలుక కరుచుకుంది. "తిరగలి తిప్పినట్టు ఎటు తిప్పినా ఒకటే అనుకున్నానురా! ఎదురు చుట్టాను. పదివేల చుట్లూ ఎదురు చుట్టాను."

తమ్ముడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. మోటార్లవాడికి ఇంతకన్నా తెలిసిన సంగతి ఏముంటుంది. "అంతేనా! మోటారు ఎదురు తిరిగితే ఏం చేస్తాం? రెండు వైర్లు అటుదిటు, ఇటుదటు. రెండే టంకాలు. పది నిమిషాల పని, ఇటివ్వు."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"వైర్లు మారిస్తే మునుపు ఎలా ఉందో అలాగే అవుతుంది. పాటొస్తుంది, రొదా వస్తుంది." డ్రైవరు వైపు తిరిగింది. "చూడండి, రొద లైట్లలోంచి, వైర్లలోంచి వస్తుంది. దాన్ని రాగిచుట్టే పట్టుకుంటుంది, అయస్కాంతంతో దానికి పనిలేదు. ఒక చుట్టు ఇటు, ఒక చుట్టు అటు ఉంటే రెండింటి రొదా కొట్టుకుని చస్తుంది. మీ పాట అలా కాదు, దానికి చుట్టూ కావాలి, అయస్కాంతమూ కావాలి. ఇప్పుడు పాట కూడా అటూ ఇటూ కొట్టుకుని చస్తోంది. నేను అయస్కాంతాలు తిరగేస్తాను. పాట మళ్లీ ఒక్క వైపుకొస్తుంది. రొద వైపు నేను వెళ్లను."

డ్రైవరుకి సగమే అర్థమైంది. కానీ తలూపాడు.

ఈ రకం పికప్‌లో చట్రం కింద రెండు అయస్కాంతపు పట్టీలుంటాయి. అక్క పికప్ విప్పి, గట్టిపడ్డ మైనం గోకి, పట్టీలు రెండూ బయటికి తీసింది. చిన్న దిక్సూచి ముల్లుకి చూపించి గుర్తు పెట్టుకుని, రెండింటినీ బోర్లించింది. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ చోటు నిలవడం లేదు. ఎడమచేతికి స్క్రూడ్రైవరు కావాలి. అప్పుడు ఆ కుడిచెయ్యికి పని దొరికింది. "పట్టుకో," అని దానికి గట్టిగానే చెప్పి, రెండు పట్టీలనూ ఆ వేళ్లతో అదిమిపట్టింది. కళ్లు ఆ వేళ్ల మీదే పెట్టింది, అవి జారితే తెలిసేది కళ్లకే మరి. ఎడమచేత్తో ఒక్కో స్క్రూ బిగించింది.

"అక్కా, రక్తం," అన్నాడు డ్రైవరు కంగారుగా.

పట్టీ అంచు వేలిని నొక్కేసింది. ఆమెకు తెలియలేదు. "వచ్చేదేదో వచ్చింది, ఇంకో స్క్రూ ఉంది," అంటూ అది కూడా బిగించాకే గుడ్డపీలిక చుట్టుకుంది.

పదకొండుకి ఇరవై నిమిషాలు ఉందనగా గిటారు డ్రైవరు ఒళ్లో పెట్టింది. ఆయన మీట మధ్యకి తోసి, కళ్లు మూసుకుని మీటాడు. పాట నిండుగా వచ్చింది, మునుపటికన్నా దగ్గరగా వినిపించింది. ఆపితే గది నిశ్శబ్దంగా ఉంది. ట్యూబులైటు వెలుగుతూనే ఉంది, యాంప్లిఫయర్ మాత్రం కిక్కురుమనలేదు. ఆయన ఆపి వింటాడు, మళ్లీ మీటుతాడు, మళ్లీ ఆపి వింటాడు. ఒక పాట అయింది. ఇంకో పాట మొదలైంది. అక్క చీర కొంగు నలుపుతూ నిలబడింది. ఆయన నోరు తెరవడం లేదు.

ఆమె కన్నా ముందు తమ్ముడికి ఓపిక నశించింది. "బాబూ, బాగుందో బాగోలేదో ఏదో ఒకటి నోటితో చెప్పండి! ఇక్కడ మా ప్రాణాలు పోతున్నాయి."

డ్రైవరు కళ్లు తెరిచి బిత్తరపోయాడు. "బాగుందండీ! చాలా బాగుంది. పదేళ్లుగా సర్దుకుపోయిన రొద పోయింది. అసలెలా చేశారక్కా?"

మొదటినుంచీ అలాగే చేద్దామనుకున్నానని చెప్పొచ్చు. ఎవరూ అడిగేవాళ్లు లేరు. నోటిదాకా వచ్చింది కూడా. "తప్పు చేశాను," అంది అక్క. "ఎడమచేత్తో చుట్టాలని యంత్రం తిప్పాను, బాణం చూసుకోలేదు. తరవాత దిద్దాను."

డ్రైవరు గిటారు సంచీలో పెట్టుకుని, డ్యూటీ టైముకి పరుగు తీశాడు. గుమ్మం దాటి మళ్లీ వెనక్కొచ్చి, తమ బ్యాండులో ఇంకో గిటారు ఉందని, దాన్నీ ఇలాగే ఎదురు చుట్టి ఇమ్మని చెప్పి వెళ్లాడు.

అక్క బల్ల ముందు కూర్చుని నేల మీది మైనం ముక్కలు ఏరుతోంది. ముందు గదిలో చాలాసేపు సుత్తి చప్పుడు వినపడలేదు. తరువాత తమ్ముడు వచ్చాడు. ఒక చేతిలో మోటార్లకు వేసే ఎర్రరంగు డబ్బా, రెండో చేతిలో సన్న కుంచె. యంత్రం ముందు మోకాళ్ల మీద కూర్చుని, నాన్న వేసిన బాణాన్ని పీలికతో మెల్లగా తుడిచాడు. అది పూర్తిగా పోలేదు, అలా వదిలేశాడు.

"ఎటు వెయ్యమంటావక్కా?" అన్నాడు, తలెత్తకుండా.

అక్క పెడల్ మీద ఎడమకాలు మోపి, నెమ్మదిగా నొక్కింది. చక్రం పాత బాణానికి ఎదురు తిరిగింది.

"ఇటు," అంది.